మేకు గుచ్చుకొంటే సూది ఎందుకు?



నేను పెద్దాపురంలో ప్రధానోపాధ్యాయుడుగా పనిచేస్తున్న రోజుల్లో ఒకనాటి ఉదయం ప్రార్థన ముగిసింది. పిల్లలందరూ వరుసలు కట్టి తరగతులకు పోతున్నారు. ఆరో తరగతి కుర్రవాడొకడు మడమ నేలకు ఆనించకుండా, వేళ్ళ మీద కుంటుతూ నడవటం నా కంటబడింది.

"ఏరా, కాలికేమయింది?" అని అడిగాను.

"ఏం లేదండి మాస్టారూ," అన్నాడు వాడు, కాలు వెనక్కు దాచుకొంటూ.

కూర్చోబెట్టి చూశాను. మడమలో చుక్కంత గాయం. దాని మీద పసుపు అద్ది, గుడ్డపీలిక కట్టి ఉన్నది. రెండు రోజుల కిందట వాళ్ళ పశువుల పాక బాగుచేశారట. మిగిలిన చెక్కముక్క పేడలో పడి ఉంటే, వీడు చూడక తొక్కాడు. దానికున్న మేకు మడమలో దిగింది. సూది వేయిస్తారేమోనన్న భయంతో వాడు ఆ సంగతి నాన్నకు చెప్పలేదు. పసుపు మాత్రం నాయనమ్మ అద్దింది.

వాడి నాన్నకు కబురు పంపి, ఇద్దరం కలిసి వాణ్ణి ఆస్పత్రికి తీసుకుపోయాం. దారి పొడుగునా వాడు నన్ను మూడు ప్రశ్నలడిగాడు.

"రక్తం కూడా సరిగా రాలేదండి. ఇంత చిన్న గాయానికి సూది ఎందుకండి?"

"మేకుకు తుప్పు పట్టలేదండి. కొత్తదేనండి. అయినా భయమేనాండి?"

"మా చెల్లికి మొన్ననే సూది వేశారండి. ఇంట్లో ఒకళ్ళకు వేస్తే చాలదాండి?"

మూడూ మంచి ప్రశ్నలే. పెద్దవాళ్ళలో కూడా చాలామందికి వీటి సమాధానాలు తెలియవు. ఆనాడు దారిలో వాడికి చెప్పినవే కాస్త వివరంగా మీకు చెబుతాను. మూడో ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి మా ఇంటి సంగతి ఒకటి కూడా చెప్పవలసి వస్తుంది.

విల్లులాగా వంచే జబ్బు

మేకు గుచ్చుకొన్నప్పుడు మనం భయపడేది ధనుర్వాతం అనే జబ్బుకు. ధనుస్సు అంటే విల్లు. ఈ జబ్బు ముదిరితే వీపు కండరాలు బిగుసుకుపోయి, మనిషి వెనక్కు విల్లులాగా వంగిపోతాడు. మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు దీనిని ఎరుగును. ధనుస్తంభం అని పేరు పెట్టి దీని లక్షణాలు వర్ణించాడు. గ్రీసు దేశంలో హిప్పోక్రాటిస్ కూడా దీనిని గురించి రాశాడు. ఇంగ్లీషువారు దీనిని టెటనస్ అంటారు. ఆ మాట గ్రీకు భాషలోనిది. బిగదీయటం అని దాని అర్థం. చూశారా, దేశాలు వేరైనా, భాషలు వేరైనా, చూసినవారందరికీ ఒకే సంగతి కొట్టవచ్చినట్టు కనబడింది!

అయితే గాయానికీ, ఈ బిగుసుకుపోవటానికీ సంబంధం ఏమిటన్నది వేల సంవత్సరాలు ఎవరికీ తెలియలేదు. గాయమేమో కాలి మీద ఉంటుంది. బిగుసుకొనేదేమో దవడ! చాలాసార్లు జబ్బు బయటపడే వేళకు గాయం మానిపోయి కూడా ఉంటుంది.

మన్నులో నిద్రపోయే విత్తనం

1884లో ఇటలీ దేశపు టూరిన్ నగరంలో కార్లె, రత్తోనే అనే ఇద్దరు వైద్యులు ధనుర్వాతంతో చనిపోయిన మనిషి గాయంలోని చీము తీసి కుందేళ్ళకు ఎక్కించారు. కుందేళ్ళకు అదే జబ్బు వచ్చింది. అదే సంవత్సరం జర్మనీలో నికొలాయర్ అనే యువకుడు మరొక చిత్రం చూశాడు. చీము అక్కరలేదు, మామూలు మట్టిని జంతువుల చర్మం కిందికి ఎక్కించినా ధనుర్వాతం వస్తున్నది!

అంటే ఈ జబ్బు తెచ్చే క్రిమి ఉండే చోటు మన్నే. పశువుల పేగుల్లో, గుర్రాల పేగుల్లో కూడా ఇది ఉంటుంది. వాటికి ఏ హానీ చేయకుండా పేడతోనూ లద్దెతోనూ బయటికి వచ్చి మళ్ళీ మట్టిలో చేరుతుంది. మన ఏలేరు కాలవ కింది పొలాలకు రైతులు తొలకరికి ముందు పెంట తోలతారు కదా. ఆ పెంటలో ఇది ఉండవచ్చు. వీధి దుమ్ములో ఉండవచ్చు. మనం ఆడుకొనే మైదానంలోనూ ఉండవచ్చు.

ఈ క్రిమి ఎంత చిన్నదంటే, రెండు మూడు వందల క్రిములను వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు పొడవు అవుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అగ్గిపుల్లలాగా ఉంటుంది. సన్నని పుల్ల, ఒక చివర గుండ్రని తల. ఆ తలలోనే దీని రహస్యమంతా ఉన్నది. తనకు అనుకూలం కాని పరిస్థితులు వచ్చినప్పుడు ఈ క్రిమి తన సారమంతా గట్టి పెంకు గల చిన్న గింజలో దాచుకొంటుంది. దీనిని సిద్ధబీజం అంటారు. క్రిమి చచ్చినా బీజం చావదు. ఎండకు ఎండదు, వానకు కుళ్ళదు. మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. మామూలుగా నీళ్ళు మరిగించినంత మాత్రాన కూడా ఇవన్నీ చస్తాయన్న నమ్మకం లేదు. అందుకే ఆస్పత్రులలో శస్త్రచికిత్స పరికరాలను మూత బిగించిన యంత్రంలో పెట్టి, ఆవిరి వత్తిడితో 121 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో శుద్ధి చేస్తారు.

మరి ఇంతటి మొండి బీజం మన్నంతటా ఉంటే, రోజూ మట్టిలో తిరిగే మనందరికీ జబ్బు ఎందుకు రావటం లేదు?

తుప్పుది తప్పు కాదు

ఇక్కడే కుర్రవాడి మొదటి రెండు ప్రశ్నలకూ సమాధానం ఉన్నది. ఈ క్రిమికి ఒక విచిత్రమైన గుణం ఉన్నది. దానికి గాలి గిట్టదు. మనకు ప్రాణవాయువు లేకపోతే ప్రాణం పోతుంది. దానికి ప్రాణవాయువు తగిలితే పెరుగుదల ఉండదు. అందుచేత మట్టి పైపైన అంటుకొన్నంత కాలం బీజం నిద్రలోనే ఉంటుంది. గాలి ఆడని చోట పడిందా, మేలుకొంటుంది.

మోకాలు గీసుకొని రక్తం బాగా కారిందనుకోండి. చూడటానికి భయంగా ఉంటుంది. కాని ఆ గాయానికి గాలి తగులుతుంది. కారే రక్తంతోపాటు కొంత మట్టీ కొట్టుకుపోతుంది. మేకు సంగతి అలా కాదు. అది సన్నని రంధ్రం చేసి లోతుగా దిగుతుంది. తన మొనకు అంటిన మట్టినీ పేడనూ లోపల వదిలి బయటికి వస్తుంది. పైన చర్మం మూసుకుపోతుంది. లోపల నలిగి చచ్చిన కండ, చీకటి, గాలి లేని చోటు. బీజానికి ఇంతకంటె ఏం కావాలి? అందుచేత గాయం చిన్నదా పెద్దదా అని కాదు, మురికిదా, లోతుదా అని చూడాలి. అలాగని పైపై గాయాన్ని అశ్రద్ధ చేయకూడదు. గీసుకున్న చోటనుంచి కూడా ఒక్కొక్కప్పుడు జబ్బు రాకపోలేదు.

తుప్పులో విషమేమీ లేదు. తుప్పు పట్టిన మేకు చాలాకాలం మట్టిలో పడి ఉంటుంది, దాని గరుకు ఒంటికి మట్టి బాగా పట్టుకొంటుంది. అందుకని దానికి చెడ్డ పేరు వచ్చింది. కాని పేడలో పడిన కొత్త మేకు కూడా అంత ప్రమాదమే. ఆ మాటకు వస్తే మేకే కానక్కరలేదు. తుమ్మముల్లు, వెదురు పేడు, గాజుపెంకు, కొడవలి మొన, ఏదయినా సరే. కాలిన గాయంలోనుంచి, చీము కారే చెవిలోనుంచి కూడా ఈ క్రిమి చేరగలదు. అందుకే చెవిలో పుల్లలు పెట్టి తిప్పవద్దని పెద్దలు చెబుతారు.

ఆపే కళ్ళెం తెగితే

మేలుకొన్న క్రిమి గాయం దాటి ఎక్కడికీ పోదు. అక్కడే కూర్చొని ఒక విషం తయారుచేస్తుంది. మనకు తెలిసిన అత్యంత భయంకరమైన విషాలలో ఇది ఒకటి. ఒక గ్రాము విషాన్ని కోటి భాగాలు చేస్తే, అందులో ఒకటి రెండు భాగాలు ఒక మనిషి ప్రాణానికి చాలునని శాస్త్రజ్ఞుల అంచనా.

ఈ విషం నరాల వెంట వెన్నుపాములోకి పాకుతుంది. అక్కడ అది చేసే పని అర్థం కావాలంటే మీరొక పని చేయండి. మీ చేయి మోచేతి దగ్గర మడవండి. ముందరి కండ బిగుసుకొన్నది కదా? అదే సమయంలో వెనుక కండ వదులయింది. వెనుక కండకు "నువ్వు లాగకు, ఆగు" అని వెన్నుపాములోనుంచి ఆజ్ఞ వెళ్ళింది. ఈ ఆజ్ఞ గుర్రానికి కళ్ళెం వంటిది. ధనుర్వాతపు విషం సరిగ్గా ఈ కళ్ళేన్నే తెంపుతుంది. "లాగు" అన్న ఆజ్ఞలు పోతూనే ఉంటాయి, "ఆగు" అనేవారు ఉండరు. దానితో అన్ని కండరాలూ ఒక్కసారిగా బిగుసుకొంటాయి.

సాధారణంగా గాయమైన తరువాత మూడు రోజులనుంచి మూడు వారాలలోపల జబ్బు బయటపడుతుంది. మొదట దవడ పట్టేస్తుంది, నోరు తెరుచుకోదు. మింగటం కష్టమవుతుంది. మెడ, వీపు, పొట్ట కొయ్యబారుతాయి. తలుపు చప్పుడయినా, దీపం వెలిగించినా ఒళ్ళంతా ఈడ్చుకొంటుంది. అందుకే ఇటువంటి రోగిని చప్పుడు లేని చీకటి గదిలో ఉంచుతారు. ఊపిరి తీసే కండరాలు కూడా బిగుసుకొంటే ప్రాణాపాయం. పెద్ద ఆస్పత్రిలో వారాల తరబడి, ఒక్కొక్కసారి ఊపిరి ఆడించే యంత్రం సాయంతో, చికిత్స చేయవలసి ఉంటుంది. నరాన్ని ఒకసారి పట్టుకొన్న విషాన్ని విడిపించే మందు లేదు. దాని బలం తగ్గేవరకూ మనిషిని కాపాడుకొంటూ రావటమే వైద్యం. అందుకే వచ్చాక తిప్పలు పడేకంటె రాకుండా చూసుకోవటమే తెలివి.

జపాను శాస్త్రజ్ఞుడి ఉపాయం

రాకుండా చూసుకొనే దారి చూపినవాడు కితసాతో షిబసాబురో అనే జపాను శాస్త్రజ్ఞుడు. బెర్లిన్ నగరంలో రాబర్ట్ కోహ్ అనే మహా శాస్త్రజ్ఞుడి దగ్గర ఆయన పనిచేశాడు. ఈ క్రిమిని విడిగా పట్టుకోవటం అప్పటికి ఎవరివల్లా కాలేదు. ఎప్పుడు పెంచినా వేరే క్రిములు దానితో కలిసి పెరిగేవి. ఇది ఒంటరిగా పెరగదు కాబోలు అని కూడా కొందరనుకొన్నారు.

కితసాతో ఆలోచించాడు. ఈ క్రిమి బలం ఏమిటి? దాని బీజం వేడికి చావదు. సరే, ఆ బలంతోనే దానిని పట్టుకోవాలి! గాయంలోని చీములో పెరిగిన క్రిములన్నింటినీ కలిపి 80 డిగ్రీల వేడిలో సుమారు గంటసేపు ఉంచాడు. తక్కిన క్రిములన్నీ చచ్చాయి. ధనుర్వాతపు బీజాలు మాత్రం మిగిలాయి. గాలి తగలకుండా హైడ్రోజన్ వాయువులో ఉంచి వాటిని పెంచాడు. ఆ విధంగా 1889లో ఈ క్రిమి మొదటిసారి ఒంటరిగా మనిషి చేతికి చిక్కింది. జపాను ప్రభుత్వం 2024లో విడుదల చేసిన వెయ్యి యెన్ల నోటు మీద ఆయన బొమ్మ వేసి గౌరవించింది.

మరుసటి సంవత్సరం, అంటే 1890లో, ఆయనా బేరింగ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడూ కలిసి ఇంకొక గొప్ప సంగతి కనుక్కొన్నారు. హాని చేయని విధంగా విషాన్ని కుందేలుకు అలవాటు చేస్తే, దాని రక్తంలో ఆ విషానికి విరుగుడు పుడుతుంది. ఆ రక్తంనుంచి తీసిన సీరం ఎలుకలకు ఇస్తే వాటికీ రక్షణ కలుగుతుంది. తరువాత గుర్రాలనుంచి ఇటువంటి సీరం తయారుచేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, పెంట తోలిన ఫ్రాన్సు పొలాల్లో గాయపడిన సైనికులను ఎందరినో ఆ సీరం కాపాడింది.

అయితే అది అరువు తెచ్చుకొన్న విరుగుడు. కొన్ని వారాలలో ఖర్చయిపోతుంది. మన ఒంట్లోనే విరుగుడు పుట్టాలంటే ఎలా? పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో గాస్టన్ రామోన్ అనే పశువైద్యుడు 1920ల్లో దానికి మార్గం చూపాడు. విషానికి ఫార్మలిన్ కలిపి, గోరువెచ్చగా కొన్ని వారాలు ఉంచితే, అది చంపే గుణం పోగొట్టుకొంటుంది. కాని ఆకారం మారదు. దానిని మనకు సూదితో ఎక్కిస్తే ఒళ్ళు మోసపోయి, నిజమైన విషం వచ్చిందనుకొని విరుగుడు తయారుచేసుకొంటుంది. కోరలు పీకిన పాముతో పామును పట్టటం నేర్పినట్టన్నమాట! దీనినే టాక్సాయిడ్ అంటారు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులందరికీ ఈ సూదులు వేశారు. గాయాలతో ఆస్పత్రుల్లో చేరినవారు 27 లక్షల పైచిలుకు. ధనుర్వాతం వచ్చినవారు 12 మంది!

ఒకరి సూది మరొకరికి పనికివస్తుందా?

ఇక కుర్రవాడి మూడో ప్రశ్న. ఇంట్లో ఒకరికి వేస్తే చాలదా?

మశూచికం సంగతి మీరు వినే ఉంటారు. అది మనిషినుంచి మనిషికే అంటుకొనేది. చుట్టూ ఉన్నవారందరికీ టీకాలు వేస్తే అది పోవటానికి దారి లేక ఆగిపోయేది. ఆ ఉపాయంతోనే దానిని ప్రపంచంలోనుంచి తుడిచిపెట్టారు. 1980లో ఆ సంగతి ప్రకటించారు. ఇప్పుడు మశూచికం టీకా మామూలు ప్రజలకు వేయటం లేదు.

ధనుర్వాతం అలా కాదు. అది ఒకరినుంచి ఒకరికి అంటుకోదు. రోగి పక్కన కూర్చొన్నా భయం లేదు. అది మన్నులోనుంచి నేరుగా వస్తుంది. ఊళ్ళో పదివేలమంది సూదులు వేయించుకొన్నా, వేయించుకోని ఒక్కడి కాలిలో మేకు దిగితే ఆ పదివేలమంది వాణ్ణి కాపాడలేరు. మన్నులోని బీజాలను ఎవరూ ఏరి పారవేయలేరు గనుక ఈ జబ్బును మశూచికంలాగా తుడిచివేయటం ఎన్నటికీ కుదరదు. ఎవరి కవచం వారే తొడుక్కోవాలి. ఇంకొక విచిత్రం ఏమిటంటే, ఒకసారి ధనుర్వాతం వచ్చి బతికినవారికి కూడా మళ్ళీ రాదన్న నమ్మకం లేదు. ప్రాణం తీయగల విషమైనా, ఒంటికి విరుగుడు నేర్పటానికి ఆ కాస్తా చాలదు. వారు కూడా సూదులు వేయించుకోవలసిందే.

అయితే దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉన్నది. ఒకరు వేయించుకొన్న సూది మరొకరిని కాపాడే సందర్భం ఒక్కటే. అది తల్లీ బిడ్డల సంగతి. తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు ఈ సూది వేయించుకొంటే, ఆమె రక్తంలో పుట్టిన విరుగుడు మాయ ద్వారా కడుపులోని బిడ్డకు చేరుతుంది. ఆ బిడ్డ తల్లి ఇచ్చిన కవచంతోనే లోకంలోకి వస్తుంది.

మా ఇంటి సంగతి

నాకు ఏడెనిమిదేళ్ళ వయసులో మా అమ్మకు ఒక ఆడపిల్ల పుట్టింది. 1960లలో మాట. అప్పట్లో మా వైపు పల్లెల్లో పురుళ్ళు ఎక్కువగా ఇళ్ళలోనే జరిగేవి. మంత్రసాని వచ్చింది. ఎందరికో పురుళ్ళు పోసిన మంచి మనిషి. మా ఇంట్లో ఉన్న కొడవలి కడిగి, దానితో బొడ్డు కోసింది. నూలుపోగుతో కట్టింది. ఆనవాయితీ ప్రకారం బొడ్డు మీద పేడ కాల్చిన బూడిద అద్దింది. అందరం సంతోషించాం. చెల్లెలు బాగా పాలు తాగేది, గట్టిగా ఏడ్చేది.

ఆరో రోజున పాలు తాగలేకపోయింది. తాగాలని నోరు కదిపేది, పెదవులు బిగుసుకొనేవి. మరునాటికి ఏడుపు కూడా రాలేదు. వేలు తగిలితే చాలు, ఒళ్ళంతా కొయ్యబారేది. దిష్టి తగిలిందన్నారు, గాలి సోకిందన్నారు. ఎనిమిదో రోజున పోయింది. దానికి ఇంకా పేరు పెట్టలేదు.

మా అమ్మను ఎవరూ ఏమీ అనలేదు. కాని తాను పథ్యం సరిగా చేయకపోవటంవల్లనే పిల్ల పోయిందని ఆమె చాలా ఏళ్ళు బాధపడింది. మంత్రసానిది తప్పా? కాదు. ఆమె తనకు తెలిసినదంతా చేసింది. కోసిన బొడ్డు కూడా ఒక గాయమేననీ, కొడవలితోనూ బూడిదతోనూ దానికి మట్టిలోని బీజం చేరగలదనీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

1980లలో నా భార్య గర్భవతిగా ఉన్నప్పుడు నర్సమ్మగారు ఇంటికి వచ్చి సూది వేసింది. అది ఎందుకో మా అమ్మ అడిగింది. నర్సమ్మగారు నెమ్మదిగా, వివరంగా చెప్పింది. మా అమ్మ అంతా విని, "అయితే నా పిల్ల పథ్యంవల్ల పోలేదా అమ్మా?" అని అడిగింది. "కాదు పెద్దమ్మగారూ, మీ తప్పేమీ లేదు," అన్నది నర్సమ్మగారు. ఆ సాయంత్రం మా అమ్మ చాలాసేపు అరుగు మీద ఒంటరిగా కూర్చొన్నది. ఆ తరువాత మా వీధిలో ఎవరు గర్భవతి అయినా, "సూది వేయించుకొన్నావా అమ్మాయ్?" అని మొదట అడిగేది మా అమ్మే.

ఆంధ్రదేశం సాధించిన విజయం

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 1988వ సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద 7 లక్షల 87 వేలమంది పసికందులు ధనుర్వాతంవల్ల నెల తిరగకుండానే చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కవేసింది.

దీనిని ఎదుర్కొనటానికి రెండు పనులు చేశారు. ఒకటి, గర్భవతులందరికీ సూదులు. రెండవది, శుభ్రమైన పురుడు. శుభ్రమైన చేతులు, శుభ్రమైన పక్క, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డు మీద ఏమీ అద్దకుండా వదిలివేయటం, ఈ ఐదూ మంత్రసానులకు నేర్పారు. మన దేశంలో 1978లో విస్తృతంగా టీకాల కార్యక్రమం మొదలయింది. 1985నుంచి అది ఇంకా పెద్దదయింది. నర్సులు పల్లె పల్లెకూ మంచుపెట్టెలు మోసుకొని వెళ్ళారు. పడవలు ఎక్కారు, గట్ల మీద నడిచారు. రాను రాను ఇళ్ళలో పురుళ్ళు తగ్గి ఆస్పత్రులలో పురుళ్ళు పెరిగాయి. పురిటి మంచాలకు వచ్చిన ఈ మార్పును చూసినవాళ్ళలో మీ అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉన్నారు. అడిగితే చెబుతారు.

ఒక జిల్లాలో వెయ్యి కాన్పులకు ఒక్క కేసుకన్నా తక్కువగా ఉంటే, ఆ జిల్లాలో పసికందుల ధనుర్వాతం తొలగిపోయినట్టు లెక్క. రాష్ట్రం అంతా గెలిచిందో లేదో తేల్చటానికి అన్నిటికంటె వెనుకబడి ఉంటుందనుకొన్న చోటికి వెళ్ళి, ఇంటింటా తల్లులను అడిగి చూస్తారు. అక్కడే జబ్బు లేకపోతే తక్కిన చోట్ల కూడా లేనట్టే కదా! ఈ పరీక్షలో దేశంలోని రాష్ట్రాలన్నిటికంటె ముందు నెగ్గినది మన ఆంధ్రప్రదేశ్. అది 2003వ సంవత్సరం. అప్పటికి తెలంగాణ కూడా మనతో కలిసే ఉన్నది. తరువాత ఒక్కొక్క రాష్ట్రమే నెగ్గుతూ వచ్చి, 2015లో భారతదేశం మొత్తం ఆ గౌరవం పొందింది. ప్రపంచంలో కూడా పసికందుల మరణాలు 2018 నాటికి 25 వేలకు తగ్గాయి.

అయితే ఒక్క సంగతి మరవకండి. గెలిచినది జబ్బు మీదనే గాని, బీజం మీద కాదు. బీజం మన పెంటపోగులో, మన పొలంగట్టు మీద ఇంకా నిద్రపోతూనే ఉన్నది. ఒక తరం తల్లులు సూదులు మానేస్తే అది మళ్ళీ మేలుకొంటుంది.

మీరు చేయవలసినవి

మొదటిది, మీ టీకాల కార్డు. పసిబిడ్డకు 6, 10, 14 వారాల వయసులో, తరువాత ఏడాదిన్నర ప్రాంతంలో, మళ్ళీ అయిదారేళ్ళ వయసులో ధనుర్వాతపు టీకా వేరే టీకాలతో కలిపి వేస్తారు. ఆ పైన 10 ఏళ్ళకు ఒకటి, 16 ఏళ్ళకు ఒకటి. ఈ రెండూ చాలామంది మరిచిపోయేవి. పూర్వం టి.టి. అనేవారు. ఇప్పుడు దాని స్థానంలో టి.డి. వేస్తున్నారు. అందులో ధనుర్వాతానికీ, కంఠసర్పికీ కలిపి రక్షణ ఉంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇవి ఉచితం.

రెండవది, గాయం తగిలినప్పుడు దాచవద్దు. ధారగా పోసే నీళ్ళతో, సబ్బుతో బాగా కడగండి. పేడ, బూడిద, మట్టి, సున్నం వంటివి ఏవీ అద్దవద్దు. ఆనాడే ఆస్పత్రికి వెళ్ళండి. ఆలస్యమయితే ఇక లాభం లేదనుకోవద్దు, అప్పుడయినా వెళ్ళండి. "చివరి సూది ఎప్పుడు వేయించారు?" అని డాక్టరుగారు అడుగుతారు. టీకాలన్నీ సక్రమంగా వేయించుకొని ఉంటే, శుభ్రమైన చిన్న గాయానికి పదేళ్ళదాకా, మురికి గాయానికి అయిదేళ్ళదాకా సాధారణంగా మళ్ళీ సూది అవసరం ఉండదు. టీకాలు ఎన్నడూ వేయించుకోనివారికి మురికి గాయమయితే, సూదితోపాటు అప్పటికప్పుడు పనిచేసే విరుగుడు కూడా ఇస్తారు. అరువు విరుగుడు అన్నాను చూశారా, అదే.

మూడవది, చెప్పులు. దమ్ము చేసిన పొలంలో చెప్పులతో నడవలేరు, నిజమే. కాని పెంటపోగు దగ్గరకూ, ఇల్లు కట్టే చోటికీ చెప్పులు లేకుండా పోకండి. ఆషాఢంలో మన మరిడమ్మవారి జాతరకు పోయినప్పుడు రద్దీలో కాలికి ఏదయినా గుచ్చుకొంటే ఇంటికి రాగానే పెద్దలకు చెప్పండి.

నాలుగవది, ఇది మీరే చేయగలిగినది. ఇంట్లో తాతగారినీ, నాయనమ్మనూ, పొలం పనికి వచ్చేవారినీ అడగండి, ఈ సూది ఎప్పుడు వేయించుకొన్నారని. వారు పసివాళ్ళుగా ఉన్న రోజుల్లో ఈ టీకాలు పల్లెలకు రాలేదు. ఆడవారికి గర్భవతులుగా ఉన్నప్పుడు కొందరికయినా అందాయి. మగవారిలో చాలామందికి అదీ లేదు. రోజంతా మట్టిలో కొడవలీ పారా పట్టేది వారే. కవచం లేనిదీ వారికే!

ఆనాడు ఆస్పత్రిలో ఏం జరిగిందో చెప్పలేదు కదూ? నర్సమ్మగారు గాయం విప్పి, కడిగి, లోపలి మురికి తీసింది. కార్డు చూస్తే, అయిదేళ్ళప్పుడు వేయించవలసిన టీకా వేయించలేదని తేలింది. సూది వేసింది. కుర్రవాడు కళ్ళు గట్టిగా మూసుకొని, తెరిచి, "అయిపోయిందాండి?" అన్నాడు.

"అయిపోయింది నాయనా," అన్నది ఆమె.

వాడు కుర్చీ దిగి, పక్కనే నిలబడి ఉన్న నాన్నకేసి చూశాడు. వాడి నాన్న పొలంనుంచి అట్లాగే వచ్చాడు. కాళ్ళకు ఇంకా బురద ఆరలేదు. బొటనవేలికి ఎప్పటిదో గుడ్డ కట్టి ఉన్నది.

"మరి మీరెప్పుడు వేయించుకొన్నారు నాన్నా?" అని అడిగాడు వాడు.

ఆయన తెల్లబోయి నాకేసి చూశాడు. తరువాత నవ్వుతూ చొక్కా చేయి పైకి మడిచి, కుర్రవాడు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చొన్నాడు.